కుక్క కాటుకు చెప్పుదెబ్బ కాదు, సబ్బు నీళ్లు

ఖమ్మం దాటి కొత్తగూడెం, భద్రాచలం వైపు అడవి అంచున సాగే పల్లెల్లో కుక్క లేని ఇల్లు అరుదు. గొర్రెల మంద వెంట కుక్క, మిర్చి కల్లం కాపలాకు కుక్క, పోడు చేనులో మంచె కింద కుక్క. అర్ధరాత్రి అడవి పందుల గుంపు చేనులో పడితే మొదట పసిగట్టి మొరిగేది అదే. ఎలుగుబంటి దారికి అడ్డం వస్తే మనిషికంటే ముందు తెలుసుకునేదీ అదే. ఇంత చాకిరీ చేసే జీవికి ఆ ఇంట్లో దక్కేది అడుగున మిగిలిన గంజి, చల్లారిన జావ. ఎద్దు ఒక పూట మేత మానితే పశువుల ఆస్పత్రికి తోలుకుపోయే రైతు, కుక్క మూడు రోజులు ముద్ద ముట్టకపోయినా అదే తగ్గుతుందిలే అని ఊరుకుంటాడు.

అలాగని కుక్కను గురించి పట్టింపు లేదని కాదు. పశువుల ఆస్పత్రి అరుగు మీద, సంతలో, టీ కొట్టు బల్ల మీద కుక్కల గురించి ప్రశ్నలు నిత్యం వినిపిస్తూనే ఉంటాయి. నోట్లో నురుగు వస్తోంది, ఏం చేయాలి? పిల్లలు నిలవడం లేదు, దిష్టి తగిలిందా? రాత్రిళ్లు ఏడుస్తోంది, ఎవరికి మూడుతుంది? నీళ్లు తాగుతోంది కాబట్టి పిచ్చి లేనట్టేనా? ప్రశ్నలు కొద్దిపాటివే. జవాబులు మాత్రం ఎవరికి తోచినవి వారు చెబుతారు. ఆ జవాబు తప్పితే పోయేది కుక్క ఒక్కటే కాదు, ఒక్కోసారి ఆ ఇంటి పిల్లవాడు కూడా.

ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వ్యాధితో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారు. అందులో మూడో వంతుకు పైగా, అంటే 36 శాతం, భారతదేశంలోనే. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి తొంభై తొమ్మిది కుక్కల వల్లనే వస్తున్నది. చనిపోయేవారిలో నూటికి నలభై మంది పదిహేనేళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడిన తర్వాత ఈ వ్యాధికి మందు లేదు. కాని ముందుగా మేలుకుంటే దీన్ని పూర్తిగా ఆపవచ్చు. అందుకే కుక్కను పెంచేవారి ప్రశ్నలకు సరైన జవాబు గూడెం దాకా చేరడం అత్యవసరం.

నీళ్లు తాగితే పిచ్చి లేనట్టేనా?

పిచ్చి పట్టిన కుక్క నీళ్లను చూసి భయపడుతుందని, నీళ్లు తాగితే దానికి ఏమీ లేనట్టేనని పల్లెల్లో గట్టి నమ్మకం. కరిచిన కుక్క ముందు నీళ్ల గిన్నె పెట్టి చూడటం, అది నాలుక ఆడించగానే హమ్మయ్య అనుకుని ఇంటికి పోవడం పరిపాటి. ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. నీళ్లంటే భయం రేబిస్ సోకిన మనిషిలో కనిపించే లక్షణం. గుటక వేయబోతే గొంతు కండరాలు బిగుసుకుపోయి విపరీతమైన బాధ కలగడం వల్ల ఆ భయం పుడుతుంది. కుక్కలో అది ఉండదు. పిచ్చి పట్టిన కుక్క నీళ్లు తాగవచ్చు. గొంతు పడిపోయి తాగలేకపోవచ్చు. వాగు ఈదుకుని అవతలి గట్టుకు పోవచ్చు కూడా.

గమనించవలసింది నీళ్లను కాదు, నడతను. ఎప్పుడూ కాళ్లావేళ్లా తిరిగే కుక్క ఉన్నట్టుండి చీకటి మూలలో దాక్కోవడం, లేదా ఎప్పుడూ దూరంగా ఉండేది అతిగా మీదికి రావడం మొదటి సూచన. తర్వాత మొరుగు మారుతుంది, గొంతు బొంగురుపోతుంది. కర్ర, రాయి, గొలుసు, ఏది దొరికితే దాన్ని కొరుకుతుంది. ఇల్లు విడిచి మైళ్ల కొద్దీ పరుగెడుతుంది. దారిలో ఎదురైన మనిషిని, పశువును కాటు వేస్తుంది. చివరకు వెనుక కాళ్లు పడిపోయి, పక్షవాతం వచ్చి చనిపోతుంది. లక్షణాలు మొదలైన కుక్క సాధారణంగా పది రోజులలోపే మరణిస్తుంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలని డాక్టర్లు చెప్పేది అందుకే. అయితే ఆ పది రోజులు గడిచాక సూది వేయించుకుందామని ఆగడం తప్పు. సూదులు వెంటనే మొదలుపెట్టాలి. కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, మిగతా సూదులు అవసరమో కాదో డాక్టరు చెబుతారు.

గొంతులో ఎముక ఇరుక్కుందా?

రేబిస్ అన్ని కుక్కల్లో పిచ్చి పరుగుగా కనిపించదు. మూగ రేబిస్ అనేది మరొకటి ఉంది. ఇందులో కుక్క ఎవరినీ తరమదు, కరవదు. దవడ వేలాడుతుంది, నోరు మూతపడదు, చొంగ కారుతుంటుంది, ముద్ద మింగలేదు. యజమానికి గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు తోస్తుంది. జాలిపడి నోట్లో చేయి పెట్టి వెతుకుతాడు. చేతి మీద గీరుకుపోయిన చోటు ఒక్కటి ఉన్నా, ఆ చొంగలోని వైరస్ లోపలికి పోవడానికి అది చాలు.

పశువుల విషయంలో కూడా ఇదే జరుగుతున్నది. అడవికి మేతకు పోయిన ఆవును గాని, ఎద్దును గాని పిచ్చికుక్కో నక్కో కరిచిన సంగతి పాలేరుకు తెలియదు. కొన్ని వారాల తర్వాత ఆ పశువు ఆగకుండా అరుస్తుంది, మేత మానేస్తుంది, నోటి వెంట సొంగ తీగలు సాగుతుంది. గొంతుకేదో అడ్డం పడిందని రైతు మోచేతి దాకా చేయి దూర్చి చూస్తాడు. నోట్లో చేయి పెట్టే ముందు పశువైద్యుడికి చూపించాలన్న ఒక్క మాట రైతులందరికీ తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. అలాంటి పశువు పాలు వాడకూడదు. తెలియక పచ్చిపాలు తాగినవారు ఆస్పత్రికి వెళ్లి సలహా తీసుకోవాలి.

నురుగు కక్కే ప్రతి కుక్కా పిచ్చిదేనా?

కాదు. ఈ తొందరపాటు వల్ల కూడా నష్టం జరుగుతున్నది. నోట్లో నురుగు కనపడగానే కర్రలతో కొట్టి చంపిన కుక్కల్లో చాలా వాటికి రేబిస్ ఉండదు.

మిర్చి, పత్తి సాగు చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బా చూరులోనో, మంచం కిందో ఉంటుంది. కుక్కకు పిడుదులు పట్టాయని, గోమార్లు పీక్కుతింటున్నాయని అదే మందు నీళ్లలో కలిపి ఒంటికి పూసే అలవాటు కొందరికి ఉంది. కుక్క తన ఒళ్లు తానే నాకుకుంటుంది. గంట తిరగకుండానే చొంగ కారడం, ఒళ్లు వణకడం, కాళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. చూసినవారు పిచ్చి పట్టిందంటారు. పట్టింది పిచ్చి కాదు, విషం. ఈ మందుల్లో కొన్నిటికి విరుగుడు ఉంది. ఏ మందు పూశారో ఆ డబ్బా వెంట తీసుకుని వెంటనే పశువుల ఆస్పత్రికి చేరిస్తే కుక్క బతికే అవకాశం ఉంది. గజ్జి పట్టిన కుక్కకు కాలిన ఇంజను ఆయిలు, కిరసనాయిలు పూయడం కూడా ఇలాంటి తప్పే. గజ్జికి, పిడుదులకు పశువైద్యులు ఇచ్చే మందులు ఖరీదైనవి కావు. బరువును బట్టి మోతాదు వారే నిర్ణయించాలి.

పిడుదులను చిన్న విషయంగా చూడరాదు. అడవిలో తిరిగే కుక్కలకు అవి ఎక్కువ. రక్తం పీల్చడంతో ఆగక, రక్తంలోకి జ్వరపు క్రిములను కూడా ఎక్కిస్తాయి. కుక్క చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ముక్కు వెంట రక్తం కారినా, జ్వరంతో మూలన పడి ఉన్నా అది పిడుదుల జ్వరమని అనుమానించాలి. సకాలంలో మందు పడితే నయమవుతుంది. వారానికి రెండుసార్లు చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ పట్టీ కింద వెతికి తీసివేయడం పిల్లలకు కూడా నేర్పవచ్చు. తీసిన పిడుదును చేత్తో నలపకూడదు.

ఎండాకాలంలో పిచ్చి ఎక్కువ పడుతుందన్న మాట కూడా విచారించవలసిందే. రేబిస్‌కు కాలంతో పని లేదు, ఏ నెలలోనైనా వస్తుంది. కొత్తగూడెం బొగ్గు గనుల ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో కాచే ఎండకు మనుషులే సొమ్మసిల్లుతారు. నాలుక బయట పెట్టి, చొంగ కారుస్తూ, తూలుతూ నడిచే కుక్కకు వడదెబ్బ తగిలి ఉండవచ్చు. ఇంటి కుక్క అయితే, కరిచే లక్షణమేదీ లేకపోతే, నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు చల్లాలి. పెరట్లో ఒక మట్టి తొట్టి నిండా నీళ్లు ఉంచితే చాలా కుక్కలకు ఆ అవస్థే రాదు.

పిల్లలు నిలవడం లేదు, దిష్టి తగిలిందా?

ఈతకు అయిదారు పిల్లలు పుట్టడం, రెండో నెల నిండేసరికి ఒక్కటీ మిగలకపోవడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. దిష్టి తీస్తారు, మెడకు నల్లదారం కడతారు. నిజానికి ఆ పిల్లలను తీసుకుపోతున్నది ఎక్కువగా పార్వో అనే అంటువ్యాధి. పిల్ల ముద్ద మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, దుర్వాసనతో రక్తవిరేచనాలు అవుతాయి. రెండు మూడు రోజుల్లో ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతుంది. వైద్యం ఉంది కాని, అది మొదటి రోజే మొదలు కావాలి. పైగా ఈ క్రిమి నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందువల్ల పిల్ల చనిపోయిన చోటికే మర్నాడు మరో పిల్లను తెచ్చి కట్టేస్తే దానికీ అదే గతి పడుతుంది. ఆ చోటును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడగాలి. కొత్తగా తెచ్చే పిల్లకు ముందే టీకా వేయించి ఉండాలి.

మరొకటి డిస్టెంపర్. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి, దగ్గు, జ్వరంతో మొదలై, చివరకు ఫిట్లు, కాలు అదరడం దాకా వస్తుంది. దీన్ని కూడా పిచ్చి అనే పొరబడుతుంటారు. ఈ రెంటికీ కలిపి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, ఆ తర్వాత ఏడాదికొకసారి తప్పకుండా వేయించాలి. కడుపులో నులిపురుగులకు మందు తాగించడం కూడా మరవకూడదు. కుక్క పేడలో పడే ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఆడుకునే పిల్లల చేతుల ద్వారా వారి కడుపులోకి చేరుతాయి. ఎదగని కుక్కపిల్లకు పొట్ట ఉబ్బి ఉంటే అది బలం కాదు, పురుగులని గుర్తించాలి.

రాత్రి ఏడిస్తే ఎవరికి మూడుతుంది?

ఎవరికీ కాదు. కుక్క మోర ఎత్తి ఊళ పెట్టడం దూరంలో ఉన్న మరో కుక్కకు పిలుపు. తోడేలు వంశంలో పుట్టిన జీవికి అది సహజం. ఒంటరిగా కట్టేసినా, ఎద కాలంలోనైనా, నొప్పి ఉన్నా ఊళ పెడుతుంది. రాళ్లు రువ్వి తరిమే ముందు దాని ఒంటి మీద దెబ్బ ఉందేమో చూడటం మేలు. అలాగే కుక్క గడ్డి తిని కక్కితే వాన వస్తుందనో, రోగం వచ్చిందనో అనుకోనక్కర లేదు. అప్పుడప్పుడు గడ్డి కొరకడం కుక్కల్లో మామూలే. రోజూ కక్కుతుంటే, మట్టి తింటుంటే మాత్రం ఆస్పత్రికి చూపించాలి.

ఇక కుక్క ఎందుకు కరుస్తుందన్నది అసలు ప్రశ్న. గొలుసుతో పగలంతా కట్టేసిన కుక్కకు కోపం పెరుగుతుంది. కారం కలిపిన అన్నం పెడితే, కొట్టి ఉసిగొల్పితే కాపలా బాగా కాస్తుందన్న మాటలో నిజం లేదు. అలాంటి కుక్క దొంగకూ చుట్టానికీ తేడా చూడదు. తింటున్న కుక్కను కదిలించినా, పడుకున్నదాని తోక తొక్కినా, ఈనిన కుక్క దగ్గర పిల్లను ఎత్తుకున్నా కరుస్తుంది. కార్తీక మాసంలో ఒక ఆడకుక్క చుట్టూ పది మగకుక్కలు చేరి పోట్లాడే వేళ మధ్యలో నడిచిపోయే పిల్లలకు ప్రమాదం ఎక్కువ. ఆశ్రమ పాఠశాలలకు, అంగన్‌వాడీలకు వెళ్లే పిల్లలకు ఉపాధ్యాయులు నాలుగు ముక్కలు నేర్పాలి. కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు. కేకలు వేయవద్దు. కళ్లలోకి చూడకుండా కదలక నిలబడాలి. కింద పడితే చేతులతో మెడ, ముఖం కప్పుకుని ముడుచుకోవాలి.

కరిస్తే మొదట ఏం చేయాలి?

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెత. కుక్కను చెప్పుతో కొట్టినంత మాత్రాన గాయంలోకి పోయిన విషం వెనక్కి రాదు. దాన్ని కడగగలిగేది సబ్బు, పారే నీళ్లు. బోరింగు కింద గాని, చెంబుతో ధారగా పోస్తూ గాని, బట్టల సబ్బయినా సరే పెట్టి, పదిహేను నిమిషాల పాటు కాటును కడగాలి. గాయంలో పడిన వైరస్‌లో చాలా భాగం ఈ ఒక్క పనితోనే కొట్టుకుపోతుంది. సున్నం, కారం, పసుపు, పేడ, ఆకు పసరు, ఇవేవీ పెట్టకూడదు. కట్టు బిగించకూడదు. వాత పెట్టకూడదు. గాయానికి కుట్లు వేయించే తొందర పనికిరాదు. కడిగిన వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి గాని వెళ్లాలి.

అడవి పల్లెల్లో ఆస్పత్రికి బదులు పసరు వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి కారణం లేకపోలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న మాట తాతల కాలం నుంచి భయపెడుతున్నది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1885 జూలై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి టీకా వేయించి బతికించాడు. దక్షిణాదిలో 1907లో కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అప్పటికి మద్రాసు రాజధానిలో ఉన్న భద్రాచలం తాలూకా వాసికి ఆ కూనూరు కొండ ఎంత దూరమో చెప్పనక్కర లేదు. తర్వాత కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన గొర్రె మెదడు టీకా దేశమంతా వాడారు. పొట్ట మీద వరుసగా వేసే ఆ సూదులు నిజంగానే బాధాకరం. కాని దేశంలో ఆ టీకా వాడకం 2005 నాటికే ఆగిపోయింది.

ఇప్పుడు వేసేది చేతి దండకు. కండకు వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 14, 28వ రోజుల్లో అయిదు సూదులు. చర్మానికి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో నాలుగు విడతలు. చిన్న పిల్లలకు తొడ పక్కన వేస్తారు. పిరుదుకు వేయించుకోరాదు. రక్తం కారేలా కరిచినా, పుండు మీద గాని కంటి మీద గాని, పెదవుల మీద గాని నాకినా, సూదితో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా తప్పనిసరి. టీకా ఒంట్లో శక్తి పుట్టించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోగా వైరస్‌ను అడ్డుకునేది ఈ మందే. దీన్ని అడిగి వేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితం.

సగం సూదులతో మానేయడం మరో జాడ్యం. రెండు సూదులు పడ్డాక గాయం మానిపోతుంది. కూలి పని పోతుందని, బస్సు లేదని, వాగు పొంగిందని మూడోది దాటవేస్తారు. రేబిస్ వైరస్ గాయంతో పాటు మానిపోయేది కాదు. అది నరాల వెంట మెదడుకు నడుస్తుంది. సాధారణంగా రెండు మూడు నెలలకు, ఒక్కోసారి ఏడాదికి కూడా బయటపడుతుంది. పసరు వైద్యం పనిచేసిందని చెప్పేవారి మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. కరిచే కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు. రేబిస్ లేని కుక్క కరిచి పసరు తాగినవాడు బతికితే అది పసరు గొప్ప కాదు. నిజంగా రేబిస్ ఉన్న కుక్క కరిచిననాడు ఆ పసరు కాపాడలేదు. కుక్కపిల్ల గీరినా, పిల్లి కరిచినా, నక్క, ముంగిస, ఎలుగుబంటి కరిచినా ఆస్పత్రికి వెళ్లవలసిందే.

అడవికీ ముప్పే

కిన్నెరసాని అభయారణ్యం చుట్టుపక్కల గ్రామాల కుక్కలకు ఊరికీ అడవికీ మధ్య హద్దు తెలియదు. రైతు వెంట పోడుకు, ఇప్పపువ్వు ఏరే ఆడవారి వెంట, తునికాకు కోసేవారి వెంట అవి లోపలి దాకా పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు అడవి రోగాన్ని ఊరికి తేవచ్చు. పోయేటప్పుడు ఊరి రోగాన్ని అడవికి చేర్చవచ్చు. రేచుకుక్క, నక్క, తోడేలు ఊరకుక్కకు దాయాదులు. ఒకరి జబ్బు మరొకరికి అంటుతుంది. 2018లో గుజరాత్ గిర్ అడవుల్లో కొద్ది వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. పరీక్షిస్తే వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి అడవుల్లో ఇదే వ్యాధికి సుమారు వెయ్యి సింహాలు, అంటే మూడింట ఒక వంతు, నశించాయి. తర్వాత అక్కడివారు చేసిన పని అడవి చుట్టూ ఉన్న పల్లెల్లో కుక్కలకు టీకాలు వేయడం.

వేటకు కుక్కలను తీసుకుపోవడం సంగతి వేరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంది కోరకు పొట్ట చీలిన కుక్కకు, ముళ్లపంది ముళ్లు దిగిన కుక్కకు కలిగే బాధ ఆ నేరానికి తోడు.

చంపడం పరిష్కారమా?

పిల్లవాడిని కుక్క కరిచిందంటే ఊళ్లో ఆగ్రహం కలగడం సహజమే. వెంటనే విషం పెట్టి, కర్రలతో కొట్టి కుక్కలన్నిటినీ చంపాలంటారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. అంతకంటే ముఖ్యంగా, దాని వల్ల ఫలితం లేదు. ఒక ఊళ్లో కుక్కలను చంపితే ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి. టీకా పడిన కుక్కలు పోయి, టీకా పడనివి చేరుతాయి. ఊళ్లోని పది కుక్కల్లో ఏడింటికి టీకా ఉంటే ఆ ఊళ్లో రేబిస్ గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఏటా ఇంటింటికీ, వీధి వీధికీ తిరిగి టీకాలు వేసిన గోవా 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకుంది. అక్కడా ఊరకుక్కలే, అక్కడా పేదవారే.

2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించవలసిన బాధ్యత పురపాలక సంఘాలతో పాటు పంచాయతీలకూ ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవి, మితిమీరి దాడి చేసేవి తప్ప, టీకా, ఆపరేషన్ అయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని ఆదేశించింది. 2030 నాటికి దేశంలో కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేయాలని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. గూడేనికి చేరవలసింది సూది.

జూలై 6 ఏజెన్సీకి పనికొచ్చే తేదీ కాదు

పాశ్చర్ తొలి టీకా వేయించిన జూలై 6ను ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. ఆ రోజు పశువుల ఆస్పత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. మంచి కార్యక్రమమే. పట్టణాల్లో జనం వరుస కడతారు. కాని ఏజెన్సీకి ఆ తేదీ కుదరదు. జూలై అంటే దుక్కులు, విత్తనాలు, నాట్ల పని. కిన్నెరసాని, ముర్రేడు, తాలిపేరు వంటి వాగులు పొంగే రోజులు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. మనిషే వాగు దాటలేని నెలలో కుక్కను భుజాన వేసుకుని మండల కేంద్రానికి ఎవరు వస్తారు? బస్సులో కుక్కను ఎక్కనివ్వరు. ఆటోకు పెట్టే డబ్బు ఒక రోజు కూలి.

కాబట్టి ఏజెన్సీ మండలాలకు వేరే తేదీలు పెట్టాలి. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందే, వాగుల్లో నీళ్లు తగ్గిన రోజుల్లో టీకా బృందం గూడెం గూడేనికి వెళ్లాలి. ముందు వారం సంతలో చాటింపు వేయించాలి. పొద్దు పొడిచే వేళకే చేరాలి, ఎందుకంటే ఎండ ఎక్కేసరికి మనుషులతో పాటు కుక్కలు కూడా చేలకు పోతాయి. టీకా మందు పాడు కాకుండా మంచు పెట్టె ఉండాలి. కోయ మాట తెలిసిన ఆశా కార్యకర్త వెంట ఉంటే ఇంటి యజమానురాలు కుక్కను తానే పట్టి ఇస్తుంది. టీకా పడిన కుక్కకు రంగు వేసి గుర్తు పెడితే ఎన్ని మిగిలాయో సాయంత్రానికే తెలుస్తుంది. ఇందుకు కొత్త శాఖ అక్కర లేదు. పశుసంవర్ధక శాఖ, పంచాయతీ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

ఆ పని జరిగే దాకా కుక్క యజమాని చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. ఏడాదికి ఒక్క సూది. తొట్టిలో నీళ్లు. వారానికి రెండుసార్లు ఒళ్లు వెతకడం. తేడాగా ప్రవర్తిస్తే నోట్లో చేయి పెట్టకుండా పశువైద్యుడికి చెప్పడం. కరిస్తే సబ్బు నీళ్లు, ఆపై ఆస్పత్రి. ఇంట్లో బడికి పోయే పిల్లవాడు ఉంటే ఈ అయిదు మాటలు వాడికి కంఠస్థం చేయించడం.

ధర్మరాజు స్వర్గానికి వెళ్తూ వెంట వచ్చిన కుక్కను విడిచిపెట్టనన్నాడని మహాభారతం వినిపిస్తారు. మంచె కింద రాత్రంతా మేలుకుని ఉండే కుక్క అడిగేది అంత పెద్ద ధర్మం కాదు. ఏడాదికి ఒక్క రోజు, దాని మెడ పట్టుకుని సూది వేయించే చేయి. ఆ చేయి ఈ ఏడాది ఆలస్యం చేస్తే, వచ్చే ఏడాది సూది కోసం ఆస్పత్రి వరుసలో నిలబడేది ఆ ఇంటి పిల్లవాడే కావచ్చు.